పచ్చ మఖమలు షపాన్

మా ఆయన్ని మట్టి చేసిన రోజు నా వీపు వెనకాల గుడ్డ చిరుగుతున్న చప్పుడు విన్నాను.

మాలో భర్త పోయిన మనిషి గోడవైపు తిరిగి కూర్చోవాలి. రెండు చేతులూ నడుముకు ఆనించుకుని ఏడుపుపాట పాడాలి. నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను గాని పాట రాలేదు. బడిలో ఇన్నేళ్ళు పిల్లలచేత మాట పక్కన మాట పేర్పించినదాన్ని, ఆ రోజు నా మాటలు రెండు కలవలేదు. నా బదులు ఆయన అక్క పాడింది. బాల్షెకెర్ అపా అంటారు ఆవిడను. ఎనభై దాటినా, కొండ అవతల మేస్తున్న గుర్రాన్ని ఇంటిముందు నిలబడి పిలవగల గొంతు. పాట మధ్యలో ఆపి, "కత్తెర ఇలా పట్టుకురండే" అంది ఎవరితోనో. ఆ తర్వాత చిరుగుతున్న చప్పుడు, మళ్ళీ పాట, మళ్ళీ చప్పుడు.

నేను తిరిగి చూడలేదు. నిండుగా బతికి పోయినవాళ్ళ ఇంట్లో గుడ్డ చింపి, వచ్చినవాళ్ళకు తలా ఒక ముక్క పంచడం మాకు మామూలే. ఆ ముక్క ఇంట్లో ఉంటే పోయిన మనిషి ఆయుష్షూ బలమూ పిల్లలకు వస్తాయని తీసుకెళ్తారు. తలస్ నది పొడుగునా ఉన్న ఊళ్ళన్నీ ఆ రోజు మా వాకిట్లోనే ఉన్నాయి. చాలా గుడ్డ కావాలి అనుకున్నాను. ఏ గుడ్డ అని అడగలేదు.

ఆయన పేరు సర్సెన్‌బెక్. బాక్సింగ్ చూసేవాళ్ళకు మా వైపు ఇంకేమీ చెప్పనక్కర్లేదు. రెండుసార్లు ప్రపంచ విజేత. అంతకంటే ముందు, పచ్చ షపాన్ వేసుకుని రింగులోకి వచ్చిన మనిషి. మొదటిసారి విదేశం వెళ్ళేటప్పుడు అపా తన తల్లి పెళ్ళినాటి మఖమలు తెర కత్తిరించి, లోపల ఒంటె ఉన్ని పరిచి, మోకాళ్ళ కిందికి దిగేలా ఆ పొడుగు కోటు కుట్టి ఇచ్చింది. అందరిలా తువ్వాలు కప్పుకుని రమ్మన్నారట అక్కడి పెద్దలు. "చలిగా ఉంది" అని ఆయన షపాన్‌తోనే వచ్చాడు. మర్నాడు పేపర్లన్నిట్లో ఆ షపానే. ఆ తర్వాత అది లేకుండా ఆయన ఏ రింగూ ఎక్కలేదు.

ఆయన పోయిన నలభయ్యోనాటి భోజనాలు అయ్యాక దౌలెత్‌ఖాన్ వచ్చాడు. ఆయన శిష్యుడు, ఇప్పుడు ఊళ్ళో పిల్లలకు బాక్సింగ్ నేర్పే కోచ్. కొత్తగా కట్టిన బాక్సింగ్ హాలుకు ఆయన పేరు పెడుతున్నారు. బళ్ళు తెరిచే నాటికి హాలూ తెరవాలి.

"వదినా, అన్న నాకో మాట ఇచ్చాడు. గుర్తుందా?"

"ఉంది. పిల్లల హాలుకు షపాన్ ఇస్తానన్నాడు."

"గాజు పెట్టె తయారైంది. లోపల దీపం కూడా పెట్టించాను. షపాన్ తొడగడానికి చెక్కబొమ్మ వచ్చింది. తల లేదు దానికి, మొండెమే."

"తల ఉండి మాత్రం మావాడు దాన్నెక్కడ వాడాడు," అంది అపా, టీలో పాలు పోసుకుంటూ. "అన్నీ ముక్కుతోనే ఆపాడు."

నేను లేచి ఇనప్పెట్టె తెరిచాను. పైన నా పెళ్ళి శాలువా, అడుగున ఆయన పాత బూట్లు. మధ్యలో ఏమీ లేదు.

"అపా, షపాన్ నువ్వు తీశావా?"

"తీశాను."

"ఎక్కడ పెట్టావు?"

"పెట్టడమేమిటే? పంచాను కదా. నువ్వా గదిలోనే ఉన్నావు."

దౌలెత్‌ఖాన్ చేతిలోని టీ గిన్నె కింద పెట్టాడు. అతనికి కోపమొస్తే ఎలా ఉంటాడో రింగులో చూశాను. కాని ఆ వయసు ఆడమనిషి ముందు మావాళ్ళకు గొంతు లేవదు. "అపా," అన్నాడు పిల్లిలాగా, "అది ప్రపంచమంతా చూసిన షపాన్."

"అందుకే చింపాను. బజారుకెళ్ళి మీటర్ల లెక్కన గుడ్డ కొనుక్కొచ్చి, ఇది సర్సెన్‌బెక్ గుడ్డ అని పంచమంటావా? కుట్టింది నేను. చింపింది నేను. మధ్యలో వాడు వేసుకున్నాడు."

"పిల్లలు చూడాలి అపా, దాన్ని!"

"నగరంలో గడ్డి కూరిన తోడేల్ని పెట్టారు గాజు పెట్టెలో. నేనూ చూశాను. పిల్లలు దాని మీసాలు పీక్కుపోయారు."

దౌలెత్‌ఖాన్ నావైపు చూశాడు. నాకు అప్పుడు కోపం లేదు, ఏడుపూ లేదు. ఒక్కటే అనిపించింది. మా ఆయన వస్తానన్న చోటికి రాకుండా ఉన్నది లేదు. ఇస్తానన్నది ఇవ్వకుండా ఉన్నది లేదు. పోయాక మాట తప్పినవాడు కాకూడదు.

"నగరంలో పాత తివాచీలు బాగుచేసే ఆవిడ ఉంది కదా," అన్నాను. "ముక్కలు తెచ్చిస్తే అతికించగలదా?"

"సగానికి పైగా దొరికితే అతికిస్తుంది. అడుగున వేరే గుడ్డ వేసి."

"అయితే నేను వెళ్ళి అడిగి తెస్తాను."

అపా గిన్నె పక్కన పెట్టింది. "ఇచ్చినదాన్ని తిరిగి అడుగుతావా? సిగ్గు లేదూ?"

"ఉంది."

ఆవిడ తలగుడ్డ బిగించుకుంది. నాకు అరవై దాటినా ఆవిడకు నేను మరదలు పిల్లనే. "సరే, నేనూ వస్తా," అంది చివరికి. "ఎవరెవరికి ఇచ్చానో నీకేం తెలుసు, గోడను చూస్తూ కూర్చున్నదానివి."

అలా ఆ వేసవంతా దౌలెత్‌ఖాన్ పాత జీపులో తిరిగాం. ముందు సీట్లో అపా, వెనక నేను, నా ఒళ్ళో ముక్కలు వేయడానికి ఒక గుడ్డసంచి. ఎండకు కొండలు పసుపు తిరిగాయి. ఏ ఇంటికెళ్ళినా టీ తాగకుండా లేవనివ్వలేదు. నూనెలో వేయించిన పిండి బౌర్సాక్‌లు తిని తిని నాకు నోరు నూనెకంపు కొట్టేది. మందలతో కొండమీద ఎండాకాలం మకాంలో ఉన్నవాళ్ళు పులిసిన గుర్రప్పాలు పోసేవాళ్ళు. అపా రెండో గిన్నె కూడా కాదనేది కాదు.

నేను అనుకున్నంత కష్టం కాలేదు అడగడం. మావాళ్ళు అడిగినదాన్ని లేదనరు. అదే నాకు బరువుగా ఉండేది. ఒక ఇంట్లో పసిపిల్ల ఊయల కర్రకు కట్టి ఉంది ముక్క. తల్లి, అయ్‌సులూ అని చిన్న వయసు పిల్ల, మేం సంగతి చెప్పగానే వంగి ముడి విప్పసాగింది. ముడి గట్టిగా పడింది. పళ్ళతో లాగి విప్పింది.

"పొద్దున్నే లేచి దాన్నే పట్టుకుంటుంది," అంది పిల్లను చూపించి. "పర్వాలేదు. ఇంకోటేదైనా కడతాను. తీసుకోండి టీచరుగారూ."

అయ్‌సులూ నా దగ్గర చదువుకుంది. ఆ మాట ఆ పిల్ల గుర్తుచేయలేదు, నేనూ అనలేదు. ముక్క సంచిలో వేసుకున్నాను.

ప్రతి ఇంట్లోనూ ముక్కతో పాటు ఒక కథ కూడా ఇచ్చేవాళ్ళు. ఆఖరి పోటీలో సర్సెన్‌బెక్ అవతలివాణ్ణి ఎలా పడగొట్టాడన్న కథ. ఒక ఇంట్లో ఎడమచేత్తో. ఇంకో ఇంట్లో కుడిచేత్తో. గొర్రెలకాపరి ఒకడైతే మా ముందు లేచి నిలబడి, కింద నుంచి గడ్డం మీద గుద్దు ఎలా పడిందో చూపించబోయి టీ గిన్నెను గోడకేసి కొట్టాడు.

"పడగొట్టలేదు నాన్నా," అనేదాన్ని నేను. "పాయింట్ల మీద గెలిచాడు. అదీ కొద్దిలో."

"మీకు తెలియదు వదినా. మీరు అప్పటికి ఆయన్ని చేసుకోలేదు."

"ఆయనే చెప్పాడు."

"ఆయన గొప్ప చెప్పుకునే మనిషి కాడు కదా!"

అపా కిసుక్కుమనేది.

వేసవి సగమయ్యేసరికి సంచి నిండింది. నింపింది ఒక్క షపాన్ ముక్కలే కాదు. మేం వస్తున్నామని మాకంటే ముందు కబురు వెళ్ళిపోయేది. ఆ రోజు ముక్క దొరకనివాళ్ళు, దొరకలేదని చెప్పుకోవడం చిన్నతనమనుకుని, ఇంట్లో ఉన్న పచ్చ గుడ్డల్లోంచి కత్తిరించి సిద్ధంగా ఉంచేవాళ్ళు. బడి నాటకాల తెర ముక్క ఒకటి వచ్చింది. అది నేను ఇట్టే గుర్తుపట్టాను, ఎన్నిసార్లు ఆ తెర లాగానో. ఒక ఇల్లాలు తీసుకొచ్చిన ముక్కను అపా వేళ్ళతో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, గది చుట్టూ చూసింది.

"అమ్మాయ్, కాస్త అటు జరిగి కూర్చో."

ఇల్లాలు కదల్లేదు.

"జరగవే. నీ కింద చూడాలి."

ఆవిడ కూర్చున్న సోఫాకు ఒక మూల చతురస్రంగా కత్తిరించి ఉంది. లోపలి స్పాంజి కనబడుతోంది. ఆవిడ ముఖం బీట్‌రూట్‌లా అయింది. "అపా, ఆ రోజు మా కోడలికి కాన్పు. రాలేకపోయాం. మా మనవడికి మాత్రం ఏమీ లేకపోతే..."

"ఏడవకు. మంచి ముక్క కోశావు. నా చెయ్యి కూడా అంత తిన్నగా పోదు," అంది అపా. సోఫా ముక్కను కూడా సంచిలో వేయించింది. బయటికొచ్చాక, "ఆ పిల్ల సిగ్గుతో చస్తుంది తీసుకోకపోతే," అంది.

తేనె తీసే రోజుల్లో కొండ మొదట్లో ఉన్న గెర్‌హార్డ్ దగ్గరికి వెళ్ళాం. యుద్ధకాలంలో జర్మన్లని వాళ్ళవాళ్ళను వోల్గా ఒడ్డునుంచి రైళ్ళలో తెచ్చి మా దగ్గర దించారు. తర్వాత చాలామంది జర్మనీ వెళ్ళిపోయారు. గెర్‌హార్డ్ తేనెటీగల్ని వదిలి వెళ్ళలేదు. కుర్రతనంలో మా ఆయన ముక్కు వంకర చేసినవాడు ఇతనే. ఆ పోటీ మాత్రం ఓడిపోయాడు. ఆ తర్వాత జట్టులో బదులు ఆటగాడిగా ఆయన వెంట విదేశాలు తిరిగాడు. పండగకో పబ్బానికో మా ఇంటికొస్తే, "నా ముక్కు వచ్చింది, టీ పెట్టు" అనేవాడు మా ఆయన.

మమ్మల్ని చెట్టు కింద బల్ల దగ్గర కూర్చోబెట్టి, తేనె, రొట్టె తెచ్చాడు. చెప్పాల్సింది నేను చెప్పాను. గాజు పెట్టె సంగతి, ఇచ్చిన మాట సంగతి.

"మఖమలా?" అన్నాడు. "ఇదిగో."

మోచెయ్యి ఎత్తి చూపించాడు. వేసుకున్న పాత కోటుకు మోచేతి దగ్గర పచ్చ మఖమలు మాటు వేసి ఉంది. చుట్టూ నల్లదారం కుట్లు.

"కోటు చిరిగింది. ఆ రోజు బాల్షెకెర్ ఇచ్చింది కదా. గట్టి గుడ్డ."

నేను అపా ముఖం చూడలేకపోయాను. తల్లి పెళ్ళి తెర. తమ్ముడి షపాన్. పిల్లల ఊయలలకు కట్టుకునే ముక్క.

అపా కళ్ళు చికిలించి ముందుకు వంగింది. "ఏం కుట్టురా అది, గెరా! కోడి గీకినట్టుంది."

"చూపు ఆనదు మరి."

"కోడికైతే ఆనుతుంది."

ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. భుజాలు అదిరేలా, తలగుడ్డ జారిపోయేలా నవ్వింది. దౌలెత్‌ఖాన్ నవ్వాడు. గెర్‌హార్డ్ ఎందుకో తెలియకుండానే నవ్వాడు. నాకూ వచ్చింది. ఆయన పోయిన మే నెల తర్వాత నా నవ్వు నేను వినడం అదే మొదలు.

"విప్పుకుంటారా? కత్తెర తెస్తాను," అన్నాడు గెర్‌హార్డ్. "కాని చలి పడేలోపు ఇంకో గుడ్డ పంపాలి. పెట్టెలు మోసేటప్పుడు మోచెయ్యి ఒరుసుకుంటుంది."

లోపలికి వెళ్ళి కత్తెర తెచ్చి నా ముందు పెట్టాడు. బల్ల మీద చెయ్యి చాచాడు. నేను ఇంకా కత్తెర తీసుకోకముందే అన్నాడు: "అంత పొడుగు ఎందుకు కుట్టించాడో తెలుసా మీకు?"

"చలి అన్నాడు కదా," అంది అపా.

"జూన్ నెలలో చలేమిటి, బాల్షెకెర్! మోకాళ్ళు వణికేవి వాడికి. ప్రతి పోటీకీ. గంట కొట్టేదాకా ఆగేవి కావు. గది బయట బెంచీమీద వాడి రెండు మోకాళ్ళూ నేను పట్టుకుని కూర్చునేవాణ్ణి. కనబడకూడదని ఆ కోటు."

అపా చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. "రెండుసార్లు కబురు పంపాడు," అంది మెల్లగా. "ఇంకా పొడుగు, ఇంకో జానెడు పొడుగు అని. గొప్ప కోసం అడుగుతున్నాడనుకున్నా వెధవ."

"రెండోసారి గెలిచినప్పుడు కూడానా?" దౌలెత్‌ఖాన్ అడిగాడు.

"అప్పుడు ఇంకా ఎక్కువ."

ఆయనతో అన్నేళ్ళు కాపురం చేశాను. నాకెప్పుడూ చెప్పలేదు. చెప్పలేదని బాధ కలగాలి. కలగలేదు. పోయిన మనిషి గురించి ఇక కొత్తగా తెలిసేదేమీ ఉండదనుకున్నాను. ఇంకా ఉంది. చెట్టు కింద ఆ మధ్యాహ్నం నాకది ఎవరో తెచ్చి చేతిలో పెట్టినట్టుంది.

గెర్‌హార్డ్ మోచెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కున్నాను. మఖమలు అరిగి, మధ్యలో నున్నగా అయింది. కింద అతని చెయ్యి వెచ్చగా ఉంది. ఒక పక్క కుట్టు ఊడి అంచు లేచింది. రెండు నెలలు పోతే మొత్తం ఊడిపోతుంది.

"గెరా, సూది ఉందా?" అన్నాను.

"కత్తెర చాలదూ?"

"సూది. నల్లదారం కూడా."

తెచ్చిచ్చాడు. అంచు మడిచి, దగ్గర దగ్గరగా కుట్లు వేశాను. అపా వేలు పెట్టి ఎక్కడ లాగాలో చూపించింది. గెర్‌హార్డ్ చెయ్యి మడిచి, చాచి చూసుకుని, "ఇప్పుడు బాగుంది," అన్నాడు.

తిరిగొస్తూ జీపులో నది దగ్గరపడ్డాక అపా ముందు సీట్లోంచి తిరక్కుండానే అడిగింది. "రేపు ముందు ఎవరింటికి?"

"అయ్‌సులూ వాళ్ళింటికి."

దౌలెత్‌ఖాన్ ఏదో అనబోయాడు. అద్దంలో నా ముఖం చూసి, "పొద్దున్నే వస్తాను," అన్నాడు.

మిగిలిన వేసవి తెచ్చినవి తెచ్చినట్టు ఇచ్చిరావడంతో సరిపోయింది. తీసుకున్నప్పుడు పెట్టిన టీ ఇచ్చినప్పుడూ పెట్టారు. అయ్‌సులూ ముక్కను మళ్ళీ ఊయలకు కట్టింది. ఈసారి ముడి వేస్తుంటే నేను కర్ర పట్టుకున్నాను. పిల్ల పట్టుకుని నోట్లో పెట్టుకుంది. సోఫా ఇల్లాలైతే తన ముక్క తిరిగొచ్చినందుకు మిగతా అందరికంటే ఎక్కువ సంబరపడింది. దాన్ని సోఫాకు అతికించుకోలేదు, మనవడి టోపీలో కుట్టింది. మేం చూస్తుండగానే. అపా అడ్డు చెప్పలేదు. గొర్రెలకాపరి మళ్ళీ లేచి గడ్డం మీద గుద్దు చూపించాడు.

"అవునా వదినా, అలాగేనా?"

"ఇంచుమించు," అన్నాను.

బళ్ళు తెరిచిన వారంలో హాలు తెరిచారు. తలుపు మీద ఆయన పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. లోపల చెక్క వాసన, కొత్త తోలు వాసన. చెక్కబొమ్మను దౌలెత్‌ఖాన్ వెనక్కి పంపేశాడు గాని గాజు పెట్టెను ఉంచాడు. లోపల దీపం వెలుగుతూనే ఉంది. పిల్లలు గాజుకు ముక్కులు ఆనించి ఖాళీ పెట్టెను చూశారు. మా వాళ్ళు నలుగురు ఐదుగురు తమ ముక్కలు జేబుల్లోంచి తీసి ఒకరికొకరు చూపించుకున్నారు. అపా అందరి కంటే ముందు కుర్చీలో కూర్చుని, ఎవరి కుట్టు ఎలా ఉందో తీర్పులు చెప్పింది.

జనం పలచబడ్డాక దౌలెత్‌ఖాన్ నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"వదినా, అన్న ఆ షపాన్ పిల్లలకే ఎందుకు ఇస్తానన్నాడో ఇప్పుడర్థమైంది నాకు."

"నాకూ."

"మొదటి పోటీకి వెళ్ళే ముందు గోడ పక్కన నిలబడి వణుకుతుంటారు వీళ్ళు. ఏం చెప్పాలో తెలియక 'ఏం కాదు, ఏం కాదు' అంటాను. ఆ మోకాళ్ళ సంగతి వీళ్ళకు నువ్వు చెప్పాలి. షపాన్ ఎలాగూ లేదు. అది చెబితే అన్న మాట చెల్లినట్టే."

"నువ్వు చెప్పొచ్చు కదా."

"నేను చెబితే ఉత్సాహపరచడానికి కల్పించాననుకుంటారు. నువ్వు కల్పించవని ఊరంతటికీ తెలుసు."

చెబుతానన్నాను.

ఆ తర్వాత రెండుసార్లు వెళ్ళాను. పిల్లలు తాళ్ళతో గెంతుతుంటే, సంచులను గుద్దుతుంటే గోడవార బెంచీమీద కూర్చున్నాను. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉండే ఆ వేళల్లో అక్కడి చప్పుడు నాకు బాగుంటుంది. దౌలెత్‌ఖాన్ పిల్లల్ని వరసగా నిలబెట్టి, టీచరుగారు మీకో సంగతి చెబుతారు అన్నాడు. వాళ్ళు చెమట ముఖాలతో నావైపు చూశారు. ఆ సంగతి చెప్పాలంటే ముందు ఆయన పేరు పలకాలి. పలికాక, ఉండేవాడు అని పోయినవాడిగా చెప్పాలి. రెండుసార్లూ, బాగా ఆడుతున్నారు పిల్లలూ అని మాత్రం చెప్పి వచ్చేశాను.

గెర్‌హార్డ్ తేనె పంపాడు. అపా బాగానే ఉంది. గాజు పెట్టె ఖాళీగా ఉంది. మోకాళ్ళ సంగతి పిల్లలకు నేనింకా చెప్పలేదు.